‘దూరంగా ఉండండి’ అని ఊరుకోని క్లాసు

నెల తప్పిందని తెలిశాక చూపించుకున్న క్లినిక్‌లో డాక్టరమ్మ మాత్రలు రాసి, మా ఆయన వైపు చూసి "కొన్నాళ్లు దూరంగా ఉండండి" అన్నారు. ఎందుకు, ఎన్నాళ్లు అని అడిగే ధైర్యం ఇద్దరికీ లేదు, బయట చూస్తే ఇరవై మంది టోకెన్లు పట్టుకుని కూర్చున్నారు. మా అత్తయ్య అయితే పురుడయ్యేదాకా వేరే గదే మంచిదని తేల్చేసింది. నాలుగో నెల వచ్చేసరికి మా ఆయన మంచం అంచున పడుకుని, కాలు తగిలితే సారీ చెప్పే స్థితికి వచ్చాడు.

అప్పుడే మియాపూర్ వైపు ఒక చిన్న సెంటర్‌లో గర్భంతో ఉన్నప్పుడు కలవడం గురించి భార్యాభర్తలకు కలిపి క్లాసు పెడతారని మా తోడికోడలు చెప్పింది. శనివారం సాయంత్రం రెండు గంటలు, జంటకి 1,200 రూపాయలు. చెప్పేది లేబర్ రూమ్‌లో చాలా ఏళ్లు పనిచేసిన నర్సు మేడం.

పేరు లేకుండా ప్రశ్న చీటీ మీద రాసి స్టీలు డబ్బాలో వెయ్యమన్నారు. మూడో చీటీ తీసి చదివారు: "బిడ్డకి తగులుతుందా?" వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నేను తొంగిచూశాను, మా ఇంట్లో క్యాలెండర్ మీద పాల లెక్క రాసే అక్షరాలే అవి. ఆవిడ మాత్రం నవ్వలేదు. గుడ్డతో కుట్టిన గర్భసంచి బొమ్మ తీసి, కింద దారంతో బిగించిన మూతి చూపించి, ఇక్కడ జిగురు బిరడాలా అడ్డం ఉంటుంది, లోపల ఉమ్మనీరు, చుట్టూ మందపాటి కండ, బిడ్డ దాకా ఏదీ వెళ్లదు బాబూ అన్నారు. ఏ ఇబ్బందీ లేని గర్భమైతే చివరి వారాల దాకా కలవొచ్చట. మొదటి నెలల్లో గర్భం పోవడాల్లో దాదాపు సగం క్రోమోజోముల లోపం వల్లేనని, కలిసినందుకు పోయిందని ఎవరూ తమని తాము తిట్టుకోవద్దని గట్టిగా చెప్పారు. కలిశాక పొట్ట కాసేపు గట్టిపడినా మామూలుగా అదే సర్దుకుంటుందట.

కూడదన్నవీ అంతే సూటిగా చెప్పారు. మాయ (ప్లాసెంటా) కిందికి ఉండి మూతిని కప్పేసినా, బ్లీడింగ్ అవుతున్నా, ఉమ్మనీరు కారుతున్నా, మూతికి కుట్టు వేసినా, మూతి పొట్టిగా ఉందని స్కాన్‌లో వచ్చినా, ఇంతకుముందు నెలలు నిండకుండా కాన్పు అయినా మీ డాక్టర్‌ని అడగకుండా వద్దు. కలిశాక కొద్దిగా మరక కనపడొచ్చు, గర్భంతో ఉన్నప్పుడు మూతి దగ్గర రక్తం ఎక్కువ పారుతుంది కాబట్టి, అయినా డాక్టర్‌కి చెప్పాలి, ఎర్రగా పోతున్నా నొప్పి తగ్గకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. యోనిలోకి గాలి ఊదితే ప్రాణం మీదకు రావొచ్చని కూడా చెప్పారు, ఇలాంటి మాట ఇంట్లో ఎవరు చెప్తారు?

ఒక స్టార్ తగ్గించాను. క్లాసు చక్కటి తెలుగులో, చేతికిచ్చిన కాగితం మొత్తం ఇంగ్లీషులో! నెలలు నిండుతున్నప్పుడు వెల్లకిలా ఎక్కువసేపు ఉండకూడదు, పక్కకి తిరిగి ఉంటే హాయి అన్నది ఆఖరి అయిదు నిమిషాల్లో పరుగులు పెట్టించారు, అసలు పెద్ద పొట్టతో వచ్చినవాళ్లకి కావాల్సింది అదే. ప్లాస్టిక్ కుర్చీలు, వీపుకి దిండు మీరే తెచ్చుకోండి.

వీలైతే అయిదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ అయ్యాక వెళ్లండి, మాయ ఎక్కడుందో రిపోర్టులో ఉంటుంది. అప్పుడు కిందికి ఉన్నా చాలామందికి గర్భసంచి పెరిగేకొద్దీ పైకి జరుగుతుందట, మళ్లీ స్కాన్ దాకా ఆగాలి, అంతే. నేను ముందే వెళ్లాను కాబట్టి రిపోర్టు వచ్చాక ఫోన్ చేస్తే, "పైనే ఉంది కదమ్మా, అయినా మీ డాక్టర్ నోట ఒకసారి వినండి" అన్నారు. ఈసారి డాక్టర్ గదిలో అడిగింది మా ఆయనే.