లిఫ్ట్ నిలబడింది, బల్ల వంగింది: నాలుగేళ్ల వాడకం తర్వాత

రౌటర్ అంటే తిరిగే బిట్‌తో చెక్కలో గాడులు, అంచులు కోసే మోటారు యంత్రం; దాన్ని బల్ల కింద పట్టి ఉంచి, బిట్ ఎత్తుని పైనుంచే మార్చనిచ్చేది రౌటర్ లిఫ్ట్. నాలుగేళ్ల కిందట ఆ లిఫ్ట్ కొన్న కొత్తలో ఎవరు అడిగినా ఒకటే చెప్పేవాణ్ణి. డబ్బంతా లిఫ్ట్ మీద పెట్టండి, బల్ల ఏదైనా ఫరవాలేదు, పైన చదునుగా ఉంటే చాలు అని. అందులో సగం మాట ఇప్పటికీ అంటాను. మిగతా సగం వెనక్కి తీసుకోవడానికే ఇది రాస్తున్నాను, ఎందుకంటే నా మాట నమ్మి కనీసం ఇద్దరు అలాంటి బల్లే కొన్నారు.

ముందు నచ్చిన సంగతి. లిఫ్ట్ రాకముందు, రౌటర్‌తో వచ్చిన, మోటారుని పట్టి ఉంచే బేస్‌నే బల్ల కన్నంలో కూర్చునే ప్లేటు కింద బిగించుకుని పని చేసేవాణ్ణి. బిట్ ఎత్తు మార్చాలంటే మోకాళ్ల మీద కూర్చోవాలి. ఒక చేత్తో మోటారు బరువు పట్టుకోవాలి, రెండో చేత్తో క్లాంపు వదులు చేయాలి, కాస్త తిప్పాలి, లేచి పైన స్కేలు పెట్టి చూడాలి, మళ్లీ వంగాలి. అర మిల్లీమీటరు మార్పుకి ఇలా ఐదారుసార్లు. అన్నీ సరిపోయాయి అనుకుని క్లాంపు బిగిస్తే ఆ బిగింపుకే ఎత్తు కాస్త కదిలేది. ఒకసారి క్లాంపు వదలగానే మోటారు జారి బరువంతా మణికట్టు మీద పడింది. వారం రోజులు నొప్పి.

లిఫ్ట్ పెట్టాక పైనుంచి హ్యాండిల్ దూర్చి తిప్పడమే. నా దాంట్లో ఒక చుట్టుకి అంగుళంలో పదహారో వంతు, అంటే దాదాపు 1.6 మిల్లీమీటర్లు లేస్తుంది. పావు చుట్టు తిప్పితే 0.4. నిలబడి, కళ్లజోడు పెట్టుకుని, బిట్‌ని చూస్తూ తిప్పొచ్చు. ఆ హ్యాండిల్ మీద నాకున్న ఇష్టం నాలుగేళ్లయినా తగ్గలేదు.

దానివల్ల సుఖం ఒక్కటే కాదు, నా పని పద్ధతే మారింది. ఇంతకుముందు ఎత్తు మార్చడానికి బద్ధకించి లోతైన గాడిని కూడా ఒకటి రెండు దెబ్బల్లో లాగించేసేవాణ్ణి. చెక్క కాలిన మచ్చలు, అంచుల్లో లేచిన పీచు, మోటారు మూలుగు, అన్నీ దాని ఫలితాలే. ఇప్పుడు అదే గాడిని నాలుగు విడతల్లో తీస్తాను. ఒక్కో విడతకి రెండు చుట్లు. చివరి విడత మరీ సన్నగా, పావు చుట్టు. గాడి గోడలకి ఉప్పుకాగితం అవసరమే రావడం లేదు. లిఫ్ట్ కొనాలా వద్దా అని ఆలోచించేవాళ్లు ఖచ్చితత్వం అంకెలకన్నా దీన్ని లెక్కలోకి తీసుకోండి. మార్చడం తేలికైతే మనిషి మారుస్తాడు.

ఇక బల్ల సంగతి.

నాది ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో అదిమి చేసిన పలక) బల్ల. 800 మిల్లీమీటర్ల పొడవు, పైన లామినేట్, కింద ఏమీ లేదు. ప్లేటు కోసం మధ్యలో పెద్ద చదరం కోసి, చుట్టూ అంచు దించి ఉంటుంది. కొన్నరోజున స్టీలు స్కేలు నిలబెట్టి చూస్తే వెంట్రుక సందు కూడా కనిపించలేదు. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ స్కేలు పెట్టి చూడలేదు. నా అసలు తప్పు అదే.

మూడో ఏడు భోజనాల బల్ల ఒకటి చేయడం మొదలుపెట్టాను. కాళ్లు నాలుగు వైపులా ఒకేలాంటి చార కనిపించేలా ఉండాలని, ఒక్కో కాలికి నాలుగు పలకలు తీసుకుని లాక్ మైటర్ బిట్‌తో (పలకల అంచులు మూల దగ్గర ఒకదానిలో ఒకటి ఇరుక్కునేలా కోసేది) కలపాలనుకున్నాను. ఈ కూర్పుకి ఒక పలకను బల్ల మీద పడుకోబెట్టి కోయాలి, దాని జోడీని ఫెన్స్‌కి, అంటే బల్ల మీద నిలువుగా ఉండే అడ్డుపలకకి ఆనించి నిలబెట్టి కోయాలి. రెండింటికీ బిట్ ఎత్తు ఒకటే. బిట్ మధ్య గీత పలక మందానికి సరిగ్గా మధ్యలో పడాలి. కొంచెం తేడా వచ్చినా మూల దగ్గర ఒక పలక పైకి, ఒకటి కిందకి వస్తుంది. ఇలాంటి పనికోసమే లిఫ్ట్ కొన్నానని నాకు ఎంతో ఉత్సాహం.

రెండు చిన్న ముక్కలు, 250 మిల్లీమీటర్లవి, కోసి కలిపి చూశాను. హ్యాండిల్ ఒక వెంట్రుక అటు, ఒక వెంట్రుక ఇటు. నాలుగో జత దగ్గర ముక్కలు ఎంత చక్కగా కూర్చున్నాయంటే, మూల మీద వేలు రాస్తే రెండు చెక్కలని తెలియలేదు. ఎత్తు కదలకుండా లిఫ్ట్ తాళం బిగించాను. అసలు పలకలు 720 మిల్లీమీటర్లవి, పదహారు. రెండు అంచుల చొప్పున ముప్ఫై రెండు కోతలు. ఆ పూటంతా పట్టింది.

సాయంత్రం మొదటి కాలిని జిగురు లేకుండా కూర్చి చూశాను. రెండు చివర్లూ చక్కగా కలిశాయి. మధ్యలో మాత్రం సన్నటి సందు, గోరు పెట్టి లాగితే తగిలే మెట్టు. రెండో కాలు కూడా అంతే. మూడోదీ అంతే.

నా అనుమానం మొదట లిఫ్ట్ మీదే పడింది. అన్ని కోతల్లో ఆ అదురుకి తాళం సడలి మోటారు కిందకి జారిందేమో అనుకున్నాను. బిట్‌ని పట్టి ఉంచే కాలెట్‌లో బిట్ జారిందేమో అని దాని కాడ మీద మార్కర్‌తో గీత గీసి మళ్లీ కోశాను. గీత కదల్లేదు. లిఫ్ట్ మొత్తం బయటకి తీసి, మరలో ఇరుక్కున్న పొట్టు బ్రష్‌తో దులిపి మళ్లీ పెట్టాను. సన్నటి కదలికని ముల్లుతో చూపే డయల్ గేజ్ ఆనించి తాళం వేస్తూ తీస్తూ చూశాను. 0.03 మిల్లీమీటర్లకు మించి ముల్లు కదల్లేదు. అయినా నమ్మకం కుదరలేదు. మరో జత పొడుగు పలకలు కోశాను, అవీ పాడయ్యాయి. చిన్న ముక్కలు కోస్తే మళ్లీ అద్దినట్టు కలిశాయి. రెండు రోజులు ఇదే టెన్షన్. లిఫ్ట్ అమ్మినవాళ్లకి ఫిర్యాదు రాయడానికి కూడా కూర్చున్నాను.

ఆ ఆదివారం మా బావమరిది వచ్చాడు. అతనికి వడ్రంగం రాదు. నిలబెట్టిన పలక అవతలి కొస పట్టుకోమన్నాను. మోటారు ఇంకా వేయలేదు. అతను పలక ఎత్తుకి తల వంచి చూసి, "బావా, దీని కింద నుంచి వెలుగు కనిపిస్తోంది" అన్నాడు.

పలక రెండు కొసల దగ్గరా బల్లని తాకుతోంది. మధ్యలో, సరిగ్గా బిట్ ఉన్నచోట, గాల్లో ఉంది. స్టీలు స్కేలు తెచ్చి అడ్డంగా పెట్టి ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు) దూర్చి చూస్తే 0.5 మిల్లీమీటర్ల రేకు మధ్యలో పట్టేసింది. లిఫ్ట్, మోటారు బరువు మూడేళ్ల పాటు మోసి మోసి బల్ల మధ్యలో కుంగిపోయింది.

అంతా అప్పుడు అర్థమైంది. 250 మిల్లీమీటర్ల ముక్క పూర్తిగా ప్లేటు మీదే కూర్చుంటుంది. ప్లేటు చదునుగానే ఉంది కాబట్టి ముక్క ఎప్పుడూ సరిగ్గానే కోస్తుంది. పొడుగు పలక గుంట మీద వంతెనలా నిలుస్తుంది. పడుకోబెట్టినది అయితే చేతి ఒత్తిడికి ఆ కాస్త వంగి ప్లేటుని అంటుకుంటుంది. నిలబెట్టినది ఎంత నొక్కినా వంగదు. అందుకే ఒకే ఎత్తులో కోసిన రెండు పలకలు కొసల్లో కలిసి, మధ్యలో విడిపోయాయి. వందో వంతు మిల్లీమీటర్లు లెక్కపెట్టే లిఫ్ట్‌ని అర మిల్లీమీటరు కుంగిన చెక్క మీద కూర్చోబెట్టి, దోషం లిఫ్ట్‌ది అన్నాను.

కుంగడానికి కారణం బరువు ఒక్కటే కాదని నా నమ్మకం. పైవైపు మాత్రమే లామినేట్ ఉన్న ఎండీఎఫ్ కిందివైపు నుంచి తేమ పీల్చుకుంటుంది, వదులుతుంది. రెండు ముఖాలూ ఒకేలా సాగవు, కుంచించుకోవు. దానికి తోడు ప్లేటు కోసం మధ్యలో పెద్ద కన్నం. గట్టితనం ఎక్కడ కావాలో అక్కడే చెక్క లేదు.

బాగు చేయడానికి పెద్ద తతంగం పట్టలేదు. లిఫ్ట్ తీసేసి, కన్నానికి రెండు పక్కలా పొడవునా రెండు గట్టి చెక్క పట్టీలు, చిత్రిక పట్టి నిటారు చేసినవి, నిలువుగా నిలబెట్టి బిగించాను. బిగించే ముందు కింద నుంచి ఒక గుంజ పెట్టి, చెక్క చీలికలు దూర్చి బల్లని కాస్త పైకి లేపాను. ఊరికే మరలు బిగిస్తే పట్టీ కూడా వంపుకి తగ్గట్టు అతుక్కుంటుంది, లాభం లేదు. కిందివైపు వార్నిష్ రెండు పూతలు వేశాను. తర్వాత ప్లేటు మూలల్లో ఉండే మరలు తిప్పి మళ్లీ మట్టం చేశాను. ప్లేటు బల్లకన్నా ఏ మాత్రం కిందకి ఉన్నా పని ముక్క అవతలి అంచుకి తట్టుకుని ఆగుతుంది. అలా ఆగినచోట బిట్ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి గుంట పడుతుంది.

ఏడాది అయింది. మొన్న కొలిస్తే మధ్యలో సందు 0.1 మిల్లీమీటరు. కాళ్లు మళ్లీ కోశాను, కలిశాయి. పదహారు పలకల చెక్క మాత్రం తిరిగి రాలేదు.

హ్యాండిల్‌ని ఇంత పొగిడాను కాబట్టి దానిలోని లోట్లు కూడా చెప్పాలి. మరలో కాస్త వదులు ఉంటుంది. కిందకి దించుతూ గుర్తు దగ్గర ఆపితే ఆ వదులు మిగిలిపోయి తర్వాత కదులుతుంది. అందుకే ఎప్పుడూ గుర్తు దాటి కిందకి దించి, మళ్లీ పైకి తెచ్చి ఆపాలి. ఇది అలవాటు చేసుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఎండీఎఫ్ కోసినప్పుడు వచ్చే మెత్తటి పొడి మరలో, నిలువు కడ్డీల మీద పేరుకుంటుంది. మొదట్లో నేను మెషిన్ ఆయిల్ వేశాను. నూనెకి పొడి అంటుకుని ముద్దలా తయారై హ్యాండిల్ బిగుసుకుంది. ఇప్పుడు బ్రష్‌తో దులిపి పొడి మైనం రుద్దుతాను, అంతే.

ఇంకోటి, మోకాళ్ల మీద కూర్చోవడం పూర్తిగా తప్పుతుందని నేను అప్పట్లో అన్నాను. తప్పదు. వేగం మార్చే చక్రం మోటారు మీదే ఉంది, మోటారు బల్ల కిందే ఉంది. 70 మిల్లీమీటర్ల వెడల్పున్న లాక్ మైటర్ లాంటి బిట్ పెట్టినప్పుడు నిమిషానికి 10 వేల నుంచి 12 వేల చుట్ల దగ్గరికి తగ్గించాలి, దానికి వంగాల్సిందే. బిట్ మార్చడం పైనుంచే అయిపోతుంది, అది నిజంగా హాయి. కానీ అంత తేలికైపోయింది కాబట్టి ప్లగ్ పీకకుండా చేయి పెట్టాలనిపిస్తుంది. నేను ప్లగ్ తీసి, దాన్ని కంటికి కనిపించేలా బల్ల మీద పెట్టుకున్నాకే స్పానర్ ముట్టుకుంటాను.

కొనేవాళ్లు ముందు చూడాల్సింది మోటారు వ్యాసం. లిఫ్ట్‌లు ఎక్కువగా బేస్ విడిగా వచ్చే గుండ్రటి మోటార్ల కోసం చేసినవి. పోర్టర్ కేబుల్ 7518 లాంటి పెద్ద మోటార్లు 4.2 అంగుళాల వ్యాసం, 690 లాంటివి 3.5 అంగుళాలు. చిన్నదాన్ని పెద్ద లిఫ్ట్‌లో పెట్టాలంటే మధ్యలో సందు నింపే కాలర్ కావాలి. ప్లంజ్ రౌటర్ (మోటారు స్ప్రింగు కడ్డీల మీద పైకీ కిందకీ జారేది) ఉన్నవాళ్లకి చాలా లిఫ్ట్‌లు సరిపోవు. ట్రైటన్ లాంటి కొన్ని ప్లంజ్ రౌటర్లలో పైనుంచి ఎత్తు మార్చే ఏర్పాటు లోపలే ఉంటుంది. అలాంటిది ఇప్పటికే చేతిలో ఉంటే లిఫ్ట్ కోసం తొందరపడకండి. ప్లేటు కొలత కూడా చూసుకోండి. 9.25 × 11.75 అంగుళాలది ఎక్కువగా దొరుకుతుంది, కానీ అన్ని బల్లల కన్నాలూ ఆ కొలతకి ఉండవు.

మళ్లీ కొనాల్సి వస్తే? నేను వారానికి రెండు మూడు పూటలు పని చేసేవాణ్ణి, నడుము నొప్పి ఉన్నవాణ్ణి. నాకైతే లిఫ్ట్ తప్పనిసరి, ఇదే కొంటాను. నెలకొకసారి అంచు గుండ్రం చేసుకునేవాళ్లకి, ఒకే ఎత్తులో గాడి తీసుకునేవాళ్లకి ఇంత ఖర్చు అక్కర్లేదు. బల్ల మాత్రం ఈసారి పోత ఇనుముదైనా తీసుకుంటాను, లేదా ప్లైవుడ్ రెండు పొరలు అతికించి, రెండు ముఖాలకీ లామినేట్ వేసి, కింద పట్టీలు మొదటి రోజే బిగించి నేనే చేసుకుంటాను. పోత ఇనుము బల్లను నేను వాడలేదు కాబట్టి దాని గురించి ఇంతకన్నా చెప్పను. ఇప్పటికే ఎండీఎఫ్ బల్ల ఉన్నవాళ్లు ఈ వారం ఒక నిటారు స్కేలు అడ్డంగా పెట్టి, అవతలి వైపు దీపం పెట్టి చూడండి. నేనైతే ఆ స్కేలుని బల్ల పక్కనే మేకుకి తగిలించి ఉంచాను.