మృదంగమా, రుద్రవీణా, ఆర్గనా: లోతైన బేస్‌కు ఏది మేలు?

ఇంట్లో స్పీకర్‌లో బేస్, అంటే కింది స్వరాలు, బాగా వినాలంటే ఏ రికార్డింగు వెతకాలో చూద్దాం. కర్ణాటక కచేరీలో బేస్ భారమంతా మృదంగం ఎడమ మూతది, అంటే తొప్పిది. తడిపిన రవ్వ ముద్ద సరిగ్గా అంటితేనే గుంకీ, అంటే తొప్పి మీది గుంభనమైన మోత, పలుకుతుంది. అదీ సుమారు 60–130 హెర్ట్జ్ మధ్యే. గుళ్లలో, సభల్లో మైకుసెట్టు వాళ్లు బూమ్ రాకుండా 80–100 హెర్ట్జ్ దగ్గర లో కట్ వేస్తారు, అంటే అంతకు కింది శబ్దాన్ని కోసేస్తారు. ఆ మిక్సర్ నుంచే తీసిన లైవ్ రికార్డింగులో తొప్పి టప్‌మంటుంది గానీ మోగదు. అందుకే మృదంగం వినాలంటే స్టూడియో రికార్డింగే తీసుకోండి, అందులోనూ తని ఆవర్తనం, అంటే మృదంగం ఒంటరిగా వాయించే భాగం. 1925కు ముందటి గ్రామఫోన్ పాటల జోలికి పోవద్దు, అవి మైకు లేకుండా గొట్టంలోకి పాడినవి.

నా ఓటు మాత్రం రుద్రవీణ మీద ధ్రుపద్ (పాత హిందుస్తానీ శైలి) ఆలాపనకు, తాళం లేకుండా సాగే రాగ విస్తారానికి. మృదంగం దెబ్బ క్షణంలో పోతుంది, రుద్రవీణ మంద్రం (కింది స్థాయి స్వరం) నిలుస్తుంది. రుద్రవీణ విద్వాంసుడు జియా మొహియుద్దీన్ డాగర్ తన వీణకు పెద్ద బుర్రలు, లావు తీగలు పెట్టించుకున్నది ఈ నాదం కోసమే. షడ్జం 138 హెర్ట్జ్ అయితే తంబురా ఖర్జ్ తీగ (కింది షడ్జం తీగ) 69 దగ్గర మోగుతుంది. తాళం లేని చోట ఈ తీగ స్పష్టంగా వినిపిస్తుంది.

ఇంకా కిందికి పోవాలంటే పాశ్చాత్య ఆర్గనే. 32 అడుగుల గొట్టం 16 హెర్ట్జ్ దాకా దిగుతుంది, అది చెవి కన్నా ఒంటికే ఎక్కువ తెలుస్తుంది. కానీ 4 అంగుళాల స్పీకర్‌కు ఇది దండగ. 10 అంగుళాల సబ్‌వూఫర్ (బేస్‌కే వేరుగా ఉండే స్పీకర్) ఉంటేనే వెతకండి.

మోసపోయే చోటు ఒకటుంది. పాత టేపుల్లో 50 హెర్ట్జ్ కరెంటు గుయ్ శబ్దాన్ని బేస్ అనుకుంటారు. పాట మొదలయ్యే ముందు నిశ్శబ్దం వినండి, అక్కడా అదే గుయ్‌మంటే ఆ రికార్డింగు వదిలేయండి. ఎంపీ3 అయినందుకు భయపడక్కర్లేదు, కుదింపులో ముందు పోయేది పై స్వరాలే.

హన్మకొండ అపార్ట్‌మెంట్లలో 12 అడుగుల సిమెంటు గది మామూలే. అంత పొడవుకు 47 హెర్ట్జ్ దగ్గర గదిలోని గాలే మోగుతుంది, ఏ రికార్డయినా ఒకే స్వరం ఉబ్బినట్టుంటుంది. సబ్‌వూఫర్‌ను మూల నుంచి రెండడుగులు జరిపి, క్రాసోవర్ (ఎంత కింది శబ్దం సబ్‌వూఫర్‌కు పోవాలో తేల్చే సెట్టింగు) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి, మళ్లీ అదే ఆలాపన వినండి.