మైపాడులో తీసిన తాడు, ల్యాబ్‌లో తెగిన తాడు

ముందు డబ్బు పోయిన సంగతి. నెల్లూరులో ఒక ల్యాబ్‌లో 12×15 అంగుళాల ప్రింటుకి 450 రూపాయలు కట్టాను. చేతికొచ్చిన ఫొటోలో వల లాగే మనిషి ఉన్నాడు, ఆయన లాగుతున్న తాడు సగానికి పోయింది.

సంక్రాంతి వెళ్లిన వారం నేనూ మా తమ్ముడూ నెల్లూరు వెళ్లాం. బస్టాండు దగ్గర లాడ్జి, 1,400. శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి. తెల్లవారుజామున ఐదింటికి మైపాడు బీచ్‌కి ఆటో, వెయిటింగ్‌తో రానూపోనూ 900. పాతిక కిలోమీటర్లే గానీ, టీ కూడా తాగనివ్వలేదని తమ్ముడు దారంతా ముఖం మాడ్చుకునే ఉన్నాడు.

మైపాడులో అలివి వల, అంటే ఒడ్డు నుంచి అందరూ కలిసి తాళ్లతో లాగే పెద్ద వల, లాగుతున్నారు. వరసలో చివర ఒక పెద్దాయన, నడుముకి తాడు తగిలించుకుని, మడమలు ఇసుకలో దిగేసి వెనక్కి వాలిపోయి ఉన్నాడు. మొదట నిలబడి తీశాను. సముద్రం ఆకాశాన్ని తాకే గీత సరిగ్గా ఆయన మెడ మీదుగా పోయింది. తడి ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుంటే ఆ గీత నడుం దగ్గరికి దిగి, తలా భుజాలూ ఆకాశంలోకి వచ్చాయి. కెమెరా ఎంత ఎత్తులో ఉంటే గీత మనిషిని అంత ఎత్తులోనే కోస్తుంది. బ్లాక్ అండ్ వైట్‌లో రంగు ఆదుకోదు కాబట్టి ఈ కోత ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఆయన్ని ఎడమ అంచున పెట్టి కుడివైపంతా తాడుకి వదిలేశాను. ఆ తాడు అలలో మునిగే చోటే ఫొటోకి ప్రాణం.

ల్యాబ్‌లో పూర్తి ఫ్రేమ్ కావాలని రెండుసార్లు చెప్పాను. నా కెమెరా ఫ్రేమ్ 3:2. అంటే 12 అంగుళాల ఎత్తుకి 18 వెడల్పు. దాన్ని 12×15 కాగితం నిండా వేస్తే మూడంగుళాలు, ఆరో వంతు, ఎగిరిపోతుంది. ఆ మూడూ కుడివైపే కోసేశారు. అడిగితే "పేపర్‌కి సెట్ చేశాం సార్, అందరికీ ఇంతే" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. కోసేముందు స్క్రీన్ మీద ఒక్కసారి చూపిస్తే ఏం పోయింది? డబ్బూ తిరిగివ్వలేదు. "పోనీలే అన్నా" అని తమ్ముడే నన్ను బయటికి లాక్కొచ్చాడు. 220 పెట్టి చేపల పులుసు భోజనం చేశాక గానీ నా చేతుల వణుకు తగ్గలేదు. పులుసు మాత్రం అద్భుతం, వాడు రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

మర్నాడు రైల్లో ఒంగోలు, అక్కణ్ణించి కొత్తపట్నం. పని చేసే మనుషులు కావాలంటే మైపాడు, ఖాళీ ఇసుక కావాలంటే మామూలు రోజుల్లో కొత్తపట్నం. ఆదివారం మాత్రం వద్దు. అక్కడ ఎర్ర పడవా దాని వెనక సర్వితోపూ బ్లాక్ అండ్ వైట్‌లో ఒకే బూడిద ముద్దయ్యాయి. ఎడిటింగ్‌లో ఎరుపు పెంచి ఆకుపచ్చ తగ్గిస్తే పడవ తెల్లగా విడివడింది. పక్కన సగం బైకు పడితే నేనే చతురస్రంగా కత్తిరించాను. 6000×4000 పిక్సెళ్లలో 4000×4000 మిగిలింది, 12 అంగుళాల ప్రింటుకి అది చాలు. కత్తిరించడం తప్పని నేననను, ఎక్కడ కోయాలో తీసినవాడు చెప్పాలి.

తాడు ఫొటో ఒంగోలులో మళ్లీ వేయించాను, 380. ఆ ల్యాబ్ ఆయన ముందు స్క్రీన్ మీద చూపించి, 12×15 కాగితం మీదే 10×15గా, పైనా కిందా ఒక్కో అంగుళం తెల్ల అంచు వదిలి వేసిచ్చాడు. తాడు నీళ్లలో మునిగేదాకా ఉంది. తమ్ముడు దాన్ని ఒళ్లోంచి దించకుండా ఇంటిదాకా తెచ్చాడు.