అమ్మతో టోక్యో న్యూ ఒటానీలో నాలుగు రాత్రులు

మా అమ్మకు అరవై ఎనిమిదేళ్లు. రెండు మోకాళ్లూ నొప్పులే, పైగా చేప వాసన కూడా పడని శాకాహారి. ఆవిడను జపాన్ తీసుకెళ్తున్నానంటే బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ వాళ్లందరిదీ ఒకటే మాట, చిన్న బిజినెస్ హోటల్ తీసుకో, డబ్బులు మిగుల్తాయని. నేను వినలేదు. అంతకుముందు ఆఫీసు పని మీద వెళ్లినప్పుడు అలాంటిదాంట్లోనే ఉన్నాను, సూట్‌కేస్ తెరిస్తే కాలు పెట్టే చోటు ఉండేది కాదు, అమ్మతో అది అయ్యే పని కాదు. అందుకని టోక్యోలో అకాసకా దగ్గరున్న న్యూ ఒటానీ హోటల్లో బుక్ చేశాను. ఖర్చు ఎక్కువే, కానీ పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు కచ్చితంగా ఇలాంటి పాత పెద్ద హోటల్లోనే దిగాలంటాను.

ఇది 1964 టోక్యో ఒలింపిక్స్ కోసం కట్టిన హోటల్, ఆటలు ఇంకో నెలన్నర లోపు ఉన్నాయనగా తెరిచారు. కట్టించిన ఒటానీ యొనెతారో ఒకప్పుడు సుమో వస్తాదు, తర్వాత ఉక్కు వ్యాపారంలో పైకొచ్చాడు. గదులేమో వెయ్యికి పైగా, టైమేమో లేదు, ఒక్కో బాత్‌రూమ్‌లో టైల్స్ అతికిస్తూ కూర్చుంటే ఒలింపిక్స్ అయిపోతాయి, అందుకని టోటో కంపెనీ బాత్‌రూమ్‌నే భాగాలుగా ఫ్యాక్టరీలో తయారుచేసి తెచ్చి ఇక్కడ బిగించింది. ఇప్పుడు జపాన్‌లో ఎక్కడ చూసినా కనిపించే యూనిట్ బాత్‌రూమ్‌ల కథ అలా మొదలైంది. తర్వాత హోటల్‌ను చాలా మార్చారు, గదులు కొత్తగా ఉన్నాయి. మా ఇంట్లో బాత్‌రూమ్ మూలన నీళ్లు నిలుస్తాయని రోజూ బాధపడే మనిషి కదా, అమ్మ స్నానం చేసి వచ్చి చెప్పిన మొదటి మాట, నీళ్లు ఎక్కడా నిలవలేదురా అని.

ఇక తోట గురించి చెప్పాలి. నాలుగు వందల ఏళ్ల కిందట కాతో కియోమాసా అనే సేనాధిపతి నివాసం ఉన్న చోటు అది, తర్వాత ఈయి వంశం వాళ్ల చేతికి వెళ్లింది. పదెకరాలు. మన బెంగళూరు లాల్‌బాగ్ 240 ఎకరాలు, దాని ముందు ఇదెంత అనిపిస్తుంది కానీ అంత రద్దీ ఊరి మధ్యలో, లిఫ్ట్ దిగి నాలుగడుగులు వేస్తే జలపాతం, ఎర్ర వంతెన, కింద చెరువులో మూరెడు పొడవున్న కోయి చేపలు. టోక్యో టైము మనకన్నా మూడున్నర గంటలు ముందు, రోజూ ఐదింటికి లేచే అమ్మ అక్కడ ఎనిమిదిన్నరకు లేచేది, లేచి స్నానం, స్తోత్రం ముగించుకుని నేరుగా తోటలోకే. మేం వెళ్లింది నవంబర్ చివర్లో, మేపుల్ ఆకులు ఎర్రగా మారాయి. ఒకరోజు తోటమాలి నిచ్చెన మీద కూర్చుని పైన్ చెట్టు ముదురు ఆకుల్ని ఒక్కొక్కటీ వేళ్లతో లాగేస్తున్నాడు, కత్తెర లేదు, తొందర లేదు, ఒక కొమ్మ పూర్తయితేనే ఇంకో కొమ్మ. అమ్మ అరగంట అక్కడే నిలబడింది. మోకాళ్ల మాట కూడా ఎత్తలేదు.

తిండి దగ్గరే నాకు బాగా టెన్షన్. అక్కడ మాంసం వద్దంటే సరిపోదు, మిసో అనే సోయా ముద్దతో చేసే సూప్‌లో, సోబా అనే నూడుల్స్ పులుసులో, చాలా కూరల్లో దాషి అనే చేప రసం ఉంటుంది. హోటల్లో అతిథులకు సాయం చేసే కన్సియర్జ్ దగ్గర కూర్చుని చెప్తే ఆ అమ్మాయి ఎదురు ప్రశ్నలు వేసింది, గుడ్డు తింటారా, పాలు పర్వాలేదా, ఉల్లిపాయ తింటారా అని. అన్నీ విని జపనీస్‌లో ఒక కార్డు రాసి, అమ్మకు రెండు చేతులతో అందించింది. మర్నాడు బయట చిన్న సోబా షాపులో ఆ కార్డు చూపిస్తే, ముసలాయన చదివి, పులుసు గిన్నె చూపించి చేత్తో చేప ఈదుతున్నట్టు సైగ చేసి, అది తీసేసి ఉప్పు, కూరగాయల టెంపురా (పిండిలో ముంచి నూనెలో వేయించినవి) పెట్టాడు. అమ్మ వాటిని మేం తీసుకెళ్లిన కరివేపాకు పొడిలో అద్దుకుని తింది. కార్డు ఇప్పటికీ పర్సులో రాఘవేంద్రస్వామి ఫొటో పక్కనే ఉంది.

హోటల్ చాలా పెద్దది. మెయిన్ బిల్డింగ్, 40 అంతస్తుల గార్డెన్ టవర్, మధ్యలో షాపులు, కాబట్టి నడవలేనివాళ్లుంటే మొహమాటపడకుండా వీల్‌చెయిర్ అడగండి, మేం రెండో రోజు నుంచి అడిగాం. అకాసకా-మిత్సుకే మెట్రో స్టేషన్ దగ్గరే. టిప్ ఇవ్వబోకండి, తీసుకోరు. రూమ్ బుక్ చేసేటప్పుడు తోట వైపు కావాలని ముందే రాయండి. క్యోటో వెళ్లేవాళ్లయితే పెద్ద సూట్‌కేసులు సామాను చూసే బెల్ డెస్క్‌లో ఇచ్చేయండి, కొరియర్‌లో పంపేస్తారు, మావి మర్నాడు సాయంత్రానికి క్యోటో రూమ్ బయట ఉన్నాయి, షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో అమ్మ చేతిలో హ్యాండ్‌బ్యాగ్ ఒక్కటే.