కెప్టెన్ ఫిలిప్స్: నాలుగు-ఎనిమిది వాచ్‌వాడి సమీక్ష

2013 అక్టోబరులో ఈ సినిమా వచ్చినప్పుడు నేను ఓడ మీదున్నాను. సెలవుకి ఇంటికొచ్చాక చూద్దామంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. "రెండు నెలలాగి మళ్ళీ ఎక్కేది అలాంటి ఓడే కదా, ఆ బొమ్మ మనింట్లో వద్దు" అంది. సెకండ్ ఇంజనీరుగా నేను సెయిలింగ్ మానేసి ఇన్నాళ్ళయ్యాక, మొన్న ఆదివారం తనే ఓటీటీలో పెట్టింది.

మొదటి సీనుకే మెత్తబడిపోయింది. వెర్మాంట్‌లో మొగుడూ పెళ్ళాం కారులో ఎయిర్‌పోర్టుకి పోతుంటారు. పిల్లల చదువులు, ఈ రోజుల్లో ఉద్యోగాలు దొరకడం, అంతే మాటలు. కళ్ళనీళ్ళు లేవు, వెనక వయొలిన్ లేదు. విశాఖలో ఎయిర్‌పోర్టుకి పోతూ ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దాటాక మేమూ ఇలాంటివే మాట్లాడుకునేవాళ్ళం. గ్యాస్ బుకింగ్, స్కూలు ఫీజు. అసలు మాట ఇద్దరూ ఎత్తరు.

కథ చాలామందికి తెలిసిందే. 2009 ఏప్రిల్ 8న, ఒమన్‌లోని సలాలా నుంచి జిబూటీ మీదుగా మొంబాసా వెళ్తున్న మెర్స్క్ అలబామా అనే కంటైనర్ ఓడ ఎక్కారు నలుగురు సోమాలీ కుర్రాళ్ళు, సముద్రపు దొంగలు. ఓడలో సిబ్బంది 20 మంది, సరుకులో ఆఫ్రికాకి పోయే తిండిగింజల సాయం కూడా ఉంది. దర్శకుడు పాల్ గ్రీన్‌గ్రాస్ అలాంటిదే ఇంకో ఓడని, మెర్స్క్ అలెగ్జాండర్‌ని, మాల్టా దగ్గర సముద్రంలోకి తీసుకెళ్ళి తీశాడు. అందుకే ఇనుప మెట్ల మీద బూట్ల చప్పుడు కూడా సరిగ్గా ఉంది. నాబోటివాడు ముందు వినేది అదే.

సోమాలియా దగ్గరి గల్ఫ్ ఆఫ్ ఏడెన్ దాటేటప్పుడు మేం ఏం చేసేవాళ్ళమో చెప్తాను. రెయిలింగ్ చుట్టూ ముళ్ళచుట్టలు, పక్కలకి ఫైర్ హోసులు. పాత బాయిలర్ సూట్లలో పేలికలు కుక్కి, హెల్మెట్లు పెట్టి డెక్ మీద నిలబెట్టేవాళ్ళం, అచ్చం చేలో దిష్టిబొమ్మల్లా. ఒకదానికి మా బోసన్ (డెక్ పనివాళ్ళ మేస్త్రీ) చీఫ్ ఆఫీసర్ పేరు పెట్టాడు. వేగం 18 నాట్లు (గంటకి 18 నాటికల్ మైళ్ళు) దాటితే భయం లేదనేవాళ్ళు. మాది నిండా లోడైన బల్క్ క్యారియర్, కిందామీదా పడితే 12. దొంగలు ఎక్కువగా తెల్లారగట్ల వస్తారని అందరికీ తెలుసు. నాలుగు నుంచి ఎనిమిది దాకా వాచ్, అంటే కాపలా డ్యూటీ, నాది. ఇంజన్ రూములో కిటికీ ఉండదు. పైన ఏం జరుగుతోందో తెలియాలంటే ఫోన్ మోగాలి. మోగకూడదని గేజీల వంక చూస్తూ కూర్చునేవాణ్ణి.

సినిమాలో సిబ్బంది ఇంజన్ రూములో దాక్కుని కరెంటు తీసేస్తారు. ఆ హోరు ఆగిపోయే క్షణం దగ్గర నా చెయ్యి తెలియకుండానే సోఫా అంచు పట్టుకుంది. ఇంజనీర్లకి పీడకల తుపాను కాదు, ఈ నిశ్శబ్దం. ఫ్యాన్లు ఆగుతాయి, వేడి పైకెక్కుతుంది, ఎక్కడో బొట్టు బొట్టుగా నూనె కారే చప్పుడు వినబడుతుంది. "అయిపోయిందా?" అంది మా ఆవిడ. ఇప్పుడే మొదలైంది అన్నాను. చీకట్లో ఉత్త కాళ్ళతో నడిచే కుర్రాడు గాజుపెంకు మీద అడుగేస్తాడు. ఆ ఒక్క అడుగుకే టికెట్ డబ్బులు ఇవ్వొచ్చు.

ఓడ కెప్టెన్ ఫిలిప్స్‌గా టామ్ హాంక్స్ బాగా చేశాడని నేను చెప్పక్కర్లేదు. సినిమాని ఎత్తుకుపోయింది మాత్రం దొంగల నాయకుడు 'మూసే'గా వేసిన బర్ఖద్ అబ్ది. మొగదిషులో పుట్టి, యెమెన్‌లో పెరిగి, మినియాపొలిస్‌లో లిమోజిన్ నడిపినవాడు. ఇదే అతని మొదటి సినిమా. బ్రిటన్ సినిమా అవార్డు బాఫ్తా అందుకున్నాడు, ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళాడు. బ్రిడ్జ్‌లోకి (ఓడ నడిపే గదిలోకి) దూసుకొచ్చే సీను తీసేదాకా హాంక్స్‌ని ఈ నలుగురితో కలవనివ్వలేదట, ఆ బెదురు కళ్ళలో కనిపిస్తుంది. లాకర్‌లో 30,000 డాలర్లున్నాయి తీసుకుపొమ్మంటే, నేనేం బిచ్చగాణ్ణా అన్నట్టు చూస్తాడు. బక్కపలచని మనిషి, చూపు మాత్రం గునపం.

రెండో సగం, దొంగలు ఫిలిప్స్‌ని పట్టుకుని దిగిన లైఫ్‌బోట్‌లో. అక్కడ కొంచెం సాగదీశారు. అమెరికా నేవీ ఓడలు, హెలికాప్టర్లు, పారాచూట్లు అంతసేపు చూపించక్కర్లేదు. అయితే మూసేసిన ఆ నారింజరంగు డబ్బాలో డ్రిల్ కోసం పది నిమిషాలు కూర్చున్నా డీజిల్ వాసనకి నాకు కడుపులో తిప్పేది. ఫిలిప్స్ అందులో ఏప్రిల్ 12 దాకా, తుపాకుల మధ్య ఉన్నాడు.

నాకు గుచ్చుకున్నదొకటుంది. తీరానికి 600 మైళ్ళ దూరంలో ఉండమన్న హెచ్చరికల్ని కెప్టెన్ పట్టించుకోలేదంటూ అలబామా సిబ్బందిలో కొందరు తర్వాత కంపెనీ మీద కోర్టుకెళ్ళారు. సినిమాలో ఆ వాసనే లేదు. కాఫీ తాగుతూ యూనియన్ గురించి గొణిగే సీనొకటి పెట్టారు, అది మాత్రం నూటికి నూరుపాళ్ళు ఓడ బతుకు.

ఇంకొకటి సినిమా తప్పు కాదు, నా బాధ. ఫిలిప్స్ కోసం స్నైపర్లు వచ్చారు. 2010 సెప్టెంబరులో దొంగలు పట్టుకున్న ఆస్ఫాల్ట్ వెంచర్ అనే ఓడలో 15 మంది మనవాళ్ళు. మరుసటి ఏప్రిల్‌లో డబ్బు ముట్టాక ఓడనీ కొందరినీ వదిలి, ఏడుగురిని ఆపేసుకున్నారు. మన నేవీ పట్టుకున్న తమవాళ్ళని విడిపించుకోవడానికట. ఆ ఏడుగురూ బయటపడింది 2014 చివర్లో. ఆ రోజుల్లో మా మెస్‌లో వాళ్ళ మాటొస్తే చెంచాలు ఆగిపోయేవి.

చూసేవాళ్ళకి ఒక మాట: రెండుంబావు గంటల నిడివి. సోమాలీ మాటలకి సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, వాళ్ళలో వాళ్ళు తిట్టుకునేదంతా అక్కడే ఉంది.

చివర్లో నేవీ ఓడ మీద ఫిలిప్స్‌ని పరీక్ష చేసే ఆవిడ నటి కాదు, నిజంగా నేవీలో వైద్యసేవ చేసే మనిషే. ఆవిడ మామూలుగా ప్రశ్నలు వేస్తుంటుంది, ఇతనికి నోట మాట రాదు, వణుకు ఆగదు. మా ఆవిడ అక్కడ సినిమా ఆపేసింది.

"2011 దీపావళికి ఫోన్ చేసి కొచ్చి దగ్గరున్నామన్నారు. నిజంగా ఎక్కడున్నారు?"

ఏడెన్ అన్నాను.

"తెలుసులెండి. కొచ్చి అయితే శాటిలైట్ ఫోన్ ఎందుకు, మీ సెల్ నుంచే చేసేవారు కదా" అని, మళ్ళీ ప్లే నొక్కింది.