హోండా సిటీకి 16 తీసి 15 అంగుళాల చక్రాలు: 41,000 కి.మీ. వాడాక

కారు 2017 ఫేస్‌లిఫ్ట్ (రూపం కాస్త మార్చిన మోడల్) నాలుగో తరం హోండా సిటీ, పెట్రోల్. పై వేరియంట్ కాబట్టి 185/55 ఆర్16 టైర్లతో వచ్చింది. ఇదే కారు కింది వేరియంట్లకు కంపెనీ ఇచ్చింది 175/65 ఆర్15. ఆ సైజుకు మార్చి మూడేళ్లయింది. రోడ్డు నుంచి వచ్చే చిన్న దెబ్బలు బాగా తగ్గాయి, పెద్దవి తగ్గలేదు. ఈ తేడా తెలుసుకుని డబ్బు పెడితే నిరాశ ఉండదు.

టైరు వెడల్పు 185 మి.మీ.; అందులో 55 శాతం అంటే సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు 102 మి.మీ. 175లో 65 శాతం అంటే 114. రిమ్ముకీ రోడ్డుకీ మధ్య 12 మి.మీ. అదనంగా రబ్బరు, గాలి వచ్చాయన్నమాట. టైరు మొత్తం వ్యాసం మాత్రం 610 నుంచి 608.5 మి.మీ.కే తగ్గింది. స్పీడోమీటర్ లెక్క మారదు, కారు కిందికి దిగదు. సైజు ఎంచుకోవడంలో అసలు కిటుకు ఇదే: రిమ్ము తగ్గాలి, వ్యాసం తగ్గకూడదు.

పీవీ ఎక్స్‌ప్రెస్‌వే లాంటి పొడవాటి ఫ్లైఓవర్ మీద జాయింట్ల దగ్గర వచ్చే ‘టక్ టక్’ ఇప్పుడు మెత్తగా, దూరంగా వినిపిస్తుంది. అతుకులేసిన తారు, లేచిన మ్యాన్‌హోల్ మూత, సిమెంటు రోడ్డు గాడులు ఇవన్నీ స్టీరింగ్‌కి తక్కువగా తెలుస్తాయి. పదునైన గుంత అంచుకు తగిలినా ఈ మూడేళ్లలో సైడ్‌వాల్ ఉబ్బలేదు, రిమ్ము వంగలేదు. నా దృష్టిలో సుఖం కన్నా ఇదే పెద్ద లాభం. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పటి కుదుపు, నిండు బండిలో వెనక సీటు ఎగిరిపడటం మాత్రం అలాగే ఉన్నాయి. అవి స్ప్రింగుల, షాక్ అబ్జార్బర్ల పని. ముందు సస్పెన్షన్‌లోని స్ట్రట్ మౌంట్లు, బుష్‌లు (రబ్బరు భాగాలు) అరిగి ఉంటే టైర్లు మార్చినా లోపల లొడలొడ పోదు, ముందు వాటిని చూపించండి.

నష్టమూ ఉంది. హైవేలో లేన్ మారేటప్పుడు స్టీరింగ్ తిప్పాక బండి కదలడానికి క్షణం ఎక్కువ పడుతుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో టైరు కాస్త ఒరుగుతున్నట్టు తెలుస్తుంది. గట్టిగా నడిపేవాళ్లకు ఇది నచ్చదు.

బిగించేటప్పుడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. పీసీడీ (బోల్టులు ఉండే వృత్తం కొలత) 4×100, అంటే 100 మి.మీ. వృత్తం మీద నాలుగు బోల్టులు; మధ్య రంధ్రం 56.1 మి.మీ. బయట దొరికే చాలా అలాయ్‌లకు ఆ రంధ్రం పెద్దది; ఆ ఖాళీని నింపే హబ్ రింగులు వేయకపోతే చక్రం నడిమధ్యన కూర్చోదు, 80–100 వేగంలో స్టీరింగ్ వణుకుతుంది. బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా ఆ వణుకు పోదు. నట్లు ఇంకా ముఖ్యం. హోండా ఒరిజినల్ రిమ్ముల్లో నట్టు కూర్చునే చోటు గిన్నెలా గుండ్రంగా ఉంటుంది, బయటి అలాయ్‌లకు ఎక్కువగా 60 డిగ్రీల కోన్. పాత నట్లే వాడితే బిగిసినట్టే అనిపించి వదులవుతాయి. ఎయిర్ గన్‌తో వదిలేయనివ్వకుండా ఎదురెదురుగా, టార్క్ రెంచ్‌తో 108 న్యూటన్ మీటర్లకు బిగించమనండి. 100 కి.మీ. తిరిగాక మరోసారి చూడాలి.

సులువైన దారి కింది వేరియంట్ ఒరిజినల్ రిమ్ములు. ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి, బయటికి కూర్చుంటుందనే కొలత), నట్ల బాధ ఉండదు. పాతవి కొంటే డబ్బు ఇచ్చే ముందు బ్యాలెన్సింగ్ మెషీన్ మీద తిప్పించి చూడండి, వంకర కంటికే కనిపిస్తుంది. టైరు మీద లోడ్ ఇండెక్స్ 84 ఉండాలి, అంటే ఒక్కో టైరుకు 500 కిలోలు. పాత 83 కన్నా ఎక్కువే. తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది: 1423 అంటే 2023లో 14వ వారం.

ఇంకాస్త మెత్తదనం కోసం 185/65 ఆర్15 వేయమని టైరు షాపుల్లో చెబుతారు. వ్యాసం 621.5 మి.మీ. అవుతుంది, మీటరు 100 చూపిస్తే బండి దాదాపు 102లో ఉంటుంది. పికప్ కూడా మందగిస్తుంది. నేనైతే వద్దంటాను.

గాలి డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్‌లో 15 అంగుళాల సైజుకు రాసినంతే పెట్టాలి. మెత్తదనం కోసం గాలి రెండు మూడు పాయింట్లు (పీఎస్ఐ) తగ్గిస్తే టైరు అంచులు ముందే అరుగుతాయి, గుంతలో రిమ్ముకు రక్షణ కూడా పోతుంది. డిక్కీలో స్టెప్నీ సైజు కూడా చదవండి; అది 175/65 ఆర్15 అయితే ఇకమీదట అయిదు చక్రాలూ ఒకే సైజు, రొటేషన్‌లో (టైర్ల చోట్లు మార్చేటప్పుడు) దాన్నీ కలుపుకోవచ్చు.