సోడియం అయొడైడ్ డిటెక్టర్: బరంపురంలో పదేళ్ల వాడకం

మట్టిలాంటి వాటిలోంచి వచ్చే గామా కిరణాలను లెక్కపెట్టే మూడంగుళాల సోడియం అయొడైడ్ డిటెక్టర్ మా ల్యాబ్‌కి 2014లో వచ్చింది. ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటి అప్పటికి ఏడాది కూడా కాలేదు, మా కిటికీలకి ఇంకా అట్టముక్కలే ఉన్నాయి. పదేళ్లు దీని ముందు కూర్చున్నాను కాబట్టి, కొనాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు.

చల్లబరచడానికి దీనికి ద్రవ నైట్రోజన్ అక్కర్లేదు. నాకు ఆ ఒక్కటే చాలు. మట్టి, ఇటుక, గ్రానైట్ పొడిలో యురేనియం, థోరియం, పొటాషియం చూసుకోవడానికి బాగానే పనిచేస్తుంది. వేడి మాత్రం పడదు. మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగిందంటే 1460 కేఈవీ (గామా కిరణాల శక్తికి కొలమానం) దగ్గర ఉండాల్సిన పొటాషియం పీక్, అంటే గ్రాఫులో దాని శిఖరం, పక్కకి జరుగుతుంది. రాత్రంతా కౌంటింగ్‌కి పెట్టి పొద్దున్న చూస్తే ఒక పీక్ కాస్తా రెండు మూపురాలై కూర్చుంటుంది. ఛత్రపురం ఇసుకలో యురేనియం కొలుద్దామనుకునేవాళ్లు దీన్ని కొనకండి. అందులో థోరియం దండిగా ఉండే మోనజైట్ అనే ఖనిజం ఉంటుంది, ఆ థోరియం జోరులో యురేనియం పీక్ కనపడదు.

మా అంకెల మీద నాకు మొదట్లో డౌటే రాలేదు. మెషిన్ సరిచూడ్డానికి వారం వారం సీజియం సోర్స్ పెడితే పీక్ 662 కేఈవీ దగ్గరే ఉండేది. నిన్నటి మెషినే ఈరోజూ ఉందని తప్ప దానివల్ల ఇంకేమీ తెలియదని తర్వాత అర్థమైంది.

చికిటి వైపు పొలం మట్టి తెచ్చి, ఆరబెట్టి, దంచి, జల్లించి, బాగా కలిపి మూడు వాటాలు వేశాం. ఒకటి మాకు, మిగతా రెండూ జెర్మేనియం డిటెక్టర్లు (పీక్‌లను ఇంకా విడివిడిగా చూపించేవి) ఉన్న వేరే రెండు ల్యాబులకి. ఒకరి అంకెలు ఒకరికి చెప్పకూడదని ముందే అనుకున్నాం. కవర్లు విప్పితే థోరియం, పొటాషియం ముగ్గురివీ దగ్గర దగ్గరగా ఉన్నాయి. యురేనియం మాత్రం మాది దాదాపు 15 శాతం తక్కువ. సహజంగానే ముందు వాళ్లని అనుమానించాను.

"మట్టి డబ్బా మూత గట్టిగానే తిప్పానండీ సార్" అన్నాడు మా అటెండర్, నేను అడగకుండానే. అక్కడ వెలిగింది. మేం నేరుగా యురేనియాన్ని కొలవం. దాని సంతతిలో రాడాన్ తర్వాత వచ్చే బిస్మత్-214ని 1764 కేఈవీ దగ్గర లెక్కపెడతాం. రాడాన్ గ్యాసు, దాని అర్ధాయువు 3.8 రోజులు. మూత సందులోంచి అది జారిపోతే యురేనియం తక్కువగా కనిపిస్తుంది. థోరియం వైపు వచ్చే థోరాన్ గ్యాసుది 55 సెకన్ల అర్ధాయువు, మూత దాకా వెళ్లే లోపే అయిపోతుంది. అందుకే ఆ అంకె చెడలేదు. ఆవకాయ జాడీకి వాసెన సరిపోతుంది గానీ రాడాన్‌కి మరమూత కూడా చాలదు. చుట్టూ ఆరల్డైట్ జిగురు పూసి, లోపల రాడాన్ మళ్లీ నిండేదాకా 28 రోజులు పక్కన పెట్టి కొలిస్తే తేడా పోయింది.

సాఫ్ట్‌వేర్ మీద ఇంకో ఫిర్యాదు. పదివేల కౌంట్లు వస్తే ±1 శాతం అని ధీమాగా ప్రింట్ చేస్తుంది. అది కౌంటింగ్ వల్ల వచ్చే అనిశ్చితి మాత్రమే. పోల్చి చూసుకునే స్టాండర్డ్ నమూనాది, డబ్బా నింపిన ఎత్తుది ఎవరు కలుపుతారు? రవాణాలో మట్టి కుదురుకుని అర సెంటీమీటరు దిగినా కౌంట్లు మారతాయి. అన్నీ కలిపితే మాది 5 శాతం దాకా వచ్చింది. ఆ లెక్కన చూస్తే, థోరియంలో మాకూ వాళ్లకీ ఉన్న 6 శాతం తేడా గొడవే కాదు. ±1 అని రాసి పంపి ఉంటే తప్పు మాదే అయ్యేది.

ముగ్గురి సగటు తీసి జడ్-స్కోరు (సగటు నుంచి ఎవరు ఎంత దూరంలో ఉన్నారో చెప్పే అంకె) వేద్దామన్నారొకరు. నాకు నచ్చలేదు. ముగ్గురమూ ఒకే తప్పు చేస్తే సగటు కూడా తప్పే కదా. విలువ ముందే తెలిసిన నమూనా కావాలి. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఐఏఈఏ వాళ్ల ఆర్‌జీటీహెచ్-1 అనే పొడి అలాంటిదే. అందులో థోరియం 800 పీపీఎం (పది లక్షల్లో 800 వంతులు), కిలోకి 3250 బెకరెల్, అంటే సెకనుకి అన్ని విఘటనలు. మెషిన్‌తో పాటే ఆ పొడికీ బడ్జెట్ పెట్టుకోండి, మేం పెట్టుకోలేదు.

డిటెక్టర్‌కి ఐదుకి నాలుగు ఇస్తాను, దాని సాఫ్ట్‌వేర్‌కి రెండు. ఇప్పుడు మా అటెండర్ ప్రతి డబ్బా మీదా సీల్ చేసిన తేదీ మార్కర్‌తో రాస్తాడు. 28 రోజులు నిండకపోతే నేనడిగినా బీరువా తాళం ఇవ్వడు.